నీటిత్రోవలోని గాలి

శ్రీకాకుళపు జిల్లాలో టెక్కలికి ఆగ్నేయముగా, నౌపడ ఉప్పుమడులను దాటి, సంతబొమ్మాళి ప్రాంతపు పల్లెలగుండ సాగు బాట సముద్రముకడ ముగియుచోట నున్న భావనపాడునకు నీటికేమియు కొదువలేదు. తూర్పున బంగాళాఖాతము, ఊరి చెంత ఆటుపోటుల ననుసరించి నిండుచు తరుగుచు నుండు మొగ, వెనుకవైపున ఎండలో మెఱయు ఉప్పుకొటారులు, వానకాలమున జలమయములగు తంపరనేలలు. అయినను మోటారుబండి యొకటి వేడెక్కి యీ తీరమున నిలిచిపోయినచో, కనుచూపుమేర పరచుకొనియున్న ఆ జలరాశిలో నొక్క చెంబెడైనను దాని రేడియేటరులో పోయదగినది లేదు. త్రాగుటకు మంచినీటిని ఎక్కడనుండి తెచ్చుకొందురో అక్కడినుండియే ఇంజనునకును తేవలయును. మనుష్యునకును యంత్రమునకును ఒకే బావినీరు కావలసివచ్చిన యీ నిర్బంధమునుండియే యీ తీరపు మోటారువృత్తిలో నీటియెడల నొక ప్రత్యేకమైన శ్రద్ధ పుట్టినదని నా నమ్మకము.

మోటారుబండ్ల చరిత్ర వ్రాయువారు తఱచుగా బండ్లను కొన్నవారి పేరులను, కంపెనీలు వెలసిన సంవత్సరములను, రోడ్లను వేయించిన దొరతనమువారి యుత్తరువులను చెప్పి విరమింతురు. ఆ బండ్లకు నీరు పోసినవారికి ఆ చరిత్రలలో తావు దొరకలేదు. నీరు పోయుట చూచువారికి కూలిపనిగా తోచును గాని, అందు రెండు కార్యములు కలిసియున్నవి: నీటిని లోపలికి పంపుట యొకటి, లోపల దాగిన గాలిని వెలుపలికి రప్పించుట రెండవది. ఈ రెండవది జరుగనిచో మొదటిది యెంత చేసినను వ్యర్థమే. 'ఎయిర్ పట్టింది', 'ఎయిర్ తీయాలి' అని షెడ్డులలో నిత్యము వినవచ్చు మాటల వెనుకనున్న విద్యను ఈ ఉత్తరతీరమున లారీక్లీనరులు, బస్సుడ్రైవరులు, మేస్త్రీలు, పడవయింజనులకడ కూర్చుండు మత్స్యకారులు ఒకరిని చూచి యొకరు నేర్చుకొనిరి. గ్రంథస్థము కాని యా విద్యయొక్క గతమును కూర్చి చెప్పుటయే యీ వ్యాసోద్దేశము.

భావనపాడు చెంతకు మొట్టమొదట వచ్చిన ఇంజను ఆవిరియింజను. 1893 మొదలు 1896 వఱకు వేయబడిన తూర్పుతీర రైలుమార్గము నౌపడమీదుగా పోయినది. 1900 సంవత్సరమున పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి వేయించిన రెండడుగుల ఆరంగుళముల వెడల్పుగల చిన్నరైలు నౌపడనుండియే బయలుదేరి పర్లాకిమిడికి పోవుచుండెను. పిమ్మట నది గుణుపురమువఱకు పొడిగింపబడినది. ఉప్పుకొటారుల నడుమనున్న ఒక చిన్నయూరు ఇట్లు రెండు రైలుదారుల కూడలియై, బాయిలరులకు మంచినీటిని సమకూర్చవలసిన స్థలమయ్యెను. ఆ యింజనుల బాయిలరులోనికి నీటిని నెట్టుటకు, 1858లో ఫ్రాన్సుదేశీయుడైన ఆన్రీ జిఫార్ కనిపెట్టిన ఇంజెక్టరను సాధనము వాడబడుచుండెను. కదలు భాగమేదియు లేక, ఆవిరివేగముచేతనే నీటిని ఈడ్చి, ఆవిరి నిండిన బాయిలరులోనికే పంపగల యా సాధనమును చూచి నాటి శాస్త్రజ్ఞులును విస్మితులైరి. కాని నీటిగొట్టపు అతుకులో సూదిమొనంత సందున్నను చాలును. దానిగుండ గాలి చొచ్చి, లోని ధార తెగి, నీరు బాయిలరునకు పోక క్రింద పట్టాలమీద పడిపోవును. అప్పుడు ఫైరుమాను ఆవిరిని కట్టివేసి, గొట్టమును చల్లారనిచ్చి, నీటిని మరల విడిచి, ధార కుదిరినప్పటి శబ్దమును చెవియొగ్గి విని తెలిసికొనవలసియుండెను. 1990ల దశకారంభము వఱకు ఆ చిన్నరైలున ఆవిరియింజనులు నడచుచునే యుండినవి. నీటిదారిలో గాలి చొరబడినచో యంత్రము నిలిచిపోవునను సత్యము ఈ ప్రాంతపు పనివారికి మోటారులకంటె ముందే తెలిసియుండెను.

మోటారుబండి పుట్టినపుడు దానికి గాలినిగూర్చిన చింత లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో ఇంజను చుట్టునున్న నీరు కాగి ఆవిరియై ఆకాశమున కలిసిపోవుచుండెడిది. పోయినంత మరల పోయుచుండుటయే దానిని చల్లబఱచు పద్ధతి. 1900-1901 సంవత్సరములలో విల్‌హెల్మ్ మేబాక్ మెర్సిడెస్ బండికై నిర్మించిన తేనెపట్టు రేడియేటరులో 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070 ఉండెను. వానిలోగుండ గాలి వీచుచుండ, వాని సందులలో నీరు పాఱుచుండెను. కొలదినీటినే త్రిప్పి త్రిప్పి వాడుకొను నేర్పు ఇట్లు లభించినది. అయితే దారి యెంత సన్నమైనదో, దానిలో గాలి చిక్కుకొను తావులును అంత యెక్కువయ్యెను. 1908లో వెలువడిన ఫోర్డు టి బండ్లలో మొదటి 2,500 బండ్లకు మాత్రమే నీటిపంపు అమర్చిరి. పిమ్మటివానికి పంపే లేదు. వేడినీరు తేలికయై పైకెక్కి రేడియేటరు తలలో ప్రవేశించును. అక్కడ చల్లబడి బరువై క్రిందికి దిగి ఇంజను పాదమున చేరును. ఏ యంత్రమును త్రిప్పకయే నీరు తనంత తాను తిరుగుచుండును.

ఈ యేర్పాటు చూచుటకెంత సుందరమో, దాని నియమము అంత కఠినము. రేడియేటరులో నీటిమట్టము పైగొట్టపు నోటికి బొటనవ్రేలెడు దిగినచో చాలును, ప్రవాహమంతయు స్తంభించును. ఇంజను ముప్పాతిక నిండియున్నను కుతకుత నుడికిపోవును. కావున ఆ కాలపు బండి నడపినవాడు పెట్రోలునకంటె నీటికే యెక్కువ జాగరూకుడై యుండవలసివచ్చెను. మనదేశపు సంగతి చూచినచో, 1928లో జనరల్ మోటార్సువారు బొంబాయిలో బండ్లను కూర్చుటకు ప్రారంభించిరి. మదరాసు-కలకత్తా రాజమార్గము టెక్కలిమీదుగా పోవుచుండుటచేత, రాజధానులలోని మార్పులు ఈ మాఱుమూలకును కొంత వేగముగనే తగులుచుండెను. అప్పటికి ఈ ప్రాంతము మదరాసు రాజధానిలోని గంజాము జిల్లాయందలిది. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేకజిల్లా కాగా అందు భాగమైనది.

గాలి యేల యింత యపకారము చేయునో విచారింపదగియున్నది. సన్నని మెడగల కూజాను నీట ముంచిన పిల్లవానికి తెలియును: నీరు లోనికి పోవలెనన్న లోని గాలి బుడబుడమని వెలికి రావలయును, రానిచో కూజా నిండదు. ఇంజనులో నీరు తిరుగు త్రోవయు నట్టిదే యైనను, దాని వంపులు పెక్కు. ఒక్కొక్క యెత్తైన వంపునను గాలికి దాగుచోటు కలదు. లీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కుటకు గైకొను ఉష్ణము, అంతే పరిమాణముగల గాలి గైకొనుదానికి 3,000 రెట్లకు మించినది. ఉష్ణమును తనగుండ ప్రసరింపజేయుటలోను నీరు గాలికంటె 20 రెట్లకు పైగా సమర్థము. కాబట్టి గాలిబుడగ నిలిచినచోట లోహమునకు తన వేడిని అప్పగించుటకు ఆధారముండదు. ముఖ్యముగా పొగ వెలువడు వాల్వుల చెంత ఇట్లు జరిగినచో ఆ చోటు మాత్రమే మితిమీరి కాగి, సిలిండరు హెడ్డు వంగును, గ్యాస్కెటు పోవును, తుదకు పిస్టను పట్టివేయును. అంతకంటె మోసకరమైన దొకటి కలదు. వేడిని కొలుచు సెన్సారు గాలిబుడగలో చిక్కుకొన్నచో, కాగిన నీరు దానిని తాకదు. డ్రైవరు ముందరనున్న ముల్లు ప్రశాంతముగా నిలిచియుండగనే యింజను కాలిపోవుచుండును. పంపు గల బండ్లకును ఈ బాధ తప్పదు. త్రిప్పి విసరివేయుటచే నీటిని నడపు ఆ పంపు తన కడుపున గాలి చేరినంతనే పట్టుతప్పి ఊరక తిరుగుచుండును.

ఈ శాస్త్రమంతయు లారీక్లీనరునకు పుస్తకముగా అందలేదు, చేతిపనిగా అందినది. స్టీరింగు పట్టుటకింకను వయస్సు చాలని బాలుడు లారీయెక్కి, డ్రైవరును 'గురువుగారూ' అని పిలుచుచు మొదట నేర్చుకొన్న పనులు మూడు: నిలిచిన బండి చక్రము క్రింద రాయి వేయుట, టైరులను కొట్టి చూచుట, రేడియేటరులో నీరు పోయుట. మూడవదాని మర్యాదలు మిక్కిలి నిర్దిష్టములు. బండి ఆగినవెంటనే మూత ముట్టరాదు. తడిగోనెయో గుడ్డయో మూతపై కప్పి, ముఖమును ప్రక్కకు త్రిప్పుకొని, సగముచుట్టు మాత్రము త్రిప్పి, సుయ్యిమను ధ్వని అణగువఱకు ఆగవలయును. కాగిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీరు గుమ్మరించినచో ఇనుము పగులును. కావున ఇంజనును మెల్లగా తిరుగనిచ్చుచు సన్నధారగా పోయవలయును. సన్నధార పోయుటలో మఱియొక లాభము కలదు. పైనుండి నీరు నోరు మూయనందున లోని గాలికి అదే నోటిగుండ వెలువడుటకు అవకాశము చిక్కును. నిండినదని తోచినపుడు ఆగి, పైనున్న రబ్బరుగొట్టమును చేతితో రెండుమూడుమాఱులు పిసికి వదలినచో, బుడగలు లేచి నీటిమట్టము దిగును, మరల పోయవలయును. మట్టము దిగుట మానువఱకు ఇదియే పని. తొందరపడి మూత బిగించిన బాలుడు రెండుమైళ్లు పోకముందే మరల దిగవలసివచ్చెడిది. వేయిమాఱులు చెప్పుటకంటె ఆ రెండవమాఱు దిగుటయే వానికి గట్టిగా నేర్పుచుండెను.

ఏ నీటిని పోయవలయునను వివేకమును ఆ క్లీనరులకే కలుగుచుండెను. సముద్రపునీటి లీటరులో సుమారు 35 గ్రాముల లవణములుండును. అట్టి నీరు ఇంజనులో కాగినచో గొట్టములు మూసికొనును, లోహము తినివేయబడును. బావినీరును అంతటను ఒక్కతీరున నుండదు. తీరప్రాంతపు ఇసుకదిబ్బలలో వాననీరు ఉప్పునీటిపై తేలియుండుటచేత, లోతులేని బావులలో తియ్యనినీరు దొరకును. లోతుగా త్రవ్వినను, మితిమీరి తోడినను ఉప్పదనము పైకి వచ్చును. సున్నపుకట్టు ఎక్కువగానున్న నీరు రేడియేటరు లోగోడలపై పెంకు కట్టించును. ఆ పెంకు గఱుకుల కడ బుడగలు పట్టుకొని వ్రేలాడును. పప్పు త్వరగా ఉడికిన నీరే బండికిని మంచిదని యెంచుట యుక్తమైన పరీక్షయే. రేడియేటరు చెమ్మగిల్లి కారుచున్నపుడు పసుపు పొడిని అందులో కలిపి చిల్లును పూడ్చుకొను నుపాయము మన లారీవారిలో ప్రసిద్ధము. అది ఆనాటికి గండము గడపునుగాని, ఆ పసుపే పిమ్మట సన్నని గొట్టములలో పేరుకొని కొత్తయడ్డంకి యగును. ఆపదలో వాడినవారిని నేను తప్పుపట్టను. అంగడి చేరినవెంటనే రేడియేటరును విప్పించి కడిగించనివారినే తప్పుపట్టవలయును.

ఈ విద్యకు నిజమైన పరీక్షాస్థలము భావనపాడు ఇసుకతీరమునుండి చాల దూరమున, సాలూరు కనుమలోనున్నది. సముద్రపుటుప్పును ఎద్దులపై వేసికొని బ్రింజారీలు జయపురము, బస్తరు సీమలకు తీసికొనిపోయి, అడవిసరకులను మారుగా తెచ్చుకొన్న ప్రాచీన వణిక్పథము ఆ త్రోవనే పోయినది. తరువాత రోడ్డువచ్చెను, 1908లో బొబ్బిలినుండి సాలూరునకు రైలు వచ్చెను. అక్కడితో రైలు ఆగిపోగా, కొండలపైకి పోవలసిన సరకంతయు చక్రములబండ్ల పాలయ్యెను. విజయనగరమునుండి సాలూరుమీదుగా కోరాపుట్టు, జగదల్పురము, రాయపురముల కెగబ్రాకు ఆ మార్గముపై ఆధారపడి వేగావతీతీరమునందలి యా పట్టణము లారీలకు పేరుపడ్డ ఊరైనది. బాడీ కట్టువారు, స్ప్రింగుపట్టాలవారు, రేడియేటరులు అతుకువారు వీధులకు వీధులుగా స్థిరపడిరి. 1954లో టాటావారు జర్మనుల మెర్సిడెస్-బెంజ్ సహాయముతో లారీలు నిర్మింపసాగుటయు, 1955లో అశోక్ మోటార్సు అశోక్ లేలాండుగా మాఱుటయు దేశచరిత్రలో వ్యాపారవార్తలు. సాలూరులో నవి కుటుంబముల జీవనమును మార్చిన సంఘటనలు.

సాలూరు సముద్రమట్టమునకు నూఱుమీటర్లకు కొంచెము పైన నున్నది; కోరాపుట్టు సుమారు 870 మీటర్ల యెత్తున నున్నది. పి. కోనవలస దాటినపిదప సుంకివైపు వంపులు తిరుగుచు సాగు ఆ ఘాటురోడ్డున, నిండుబరువుతో లారీ మొదటి గేరులో నడకవేగముతో నెక్కవలయును. ఇంజను తన సత్తువ నంతయు వెచ్చించుచుండును. బండి వేగము లేనందున రేడియేటరుకు ఎదురుగాలి తగులదు. ఫాను త్రిప్పిన గాలియే దిక్కు. దానికి తోడు, ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరగును: సముద్రతీరమున 100 డిగ్రీలకు కాగునది కోరాపుట్టులో సుమారు 97 డిగ్రీలకే కాగును. మూడు డిగ్రీలేగదా యని తోచవచ్చును. కాని పాతబండి తెగువంతయు ఆ మూడుడిగ్రీలలోనే యుండెను. మరగిన నీరు ఆవిరియై మూతక్రింది గొట్టమున పోవును. పోయినచోట గాలి నిలుచును. గాలి నిలిచినచోట మఱింత మరగును. ఒకసారి మొదలైన యీ చక్రము ఆగవలెనన్న బండిని ఆపుటయొక్కటే మార్గము. మలుపులకడ కొండవాగులు పాఱుచోట లారీలు నిలుచుటయు, క్లీనరు డబ్బాతో దిగిపోవుటయు ఆ రోడ్డున నిత్యకృత్యములైయుండెను.

ముక్కు పైకెత్తి నిలిచిన బండిలో రేడియేటరు తల ఎత్తునకు వచ్చును. గాలి సహజముగా అటే చేరును. అక్కడ మూత తీసి పోసినచో సమతలమునందుకంటె చక్కగా వెడలిపోవును. పల్లమునకు దిగుముఖముగా నిలిపి నీరు పోసినచో, ఇంజను వెనుకభాగపు హెడ్డు ఎత్తై గాలియంతయు నక్కడనే చిక్కుకొనును. గాలి తీయదలచిన బండిని ఎత్తునకు ముఖముగా నిలుపవలెనని నేడు ముద్రితపుస్తకములలో చెప్పు సూత్రము సాలూరు లారీలకు దారియే చేయించిన అభ్యాసము. నాకు ఈ చరిత్రలోనెల్ల మిక్కిలి ప్రీతికరమైనది ఈ ఘట్టమే. అక్షరము రాని బాలుని చేతిలో భూమియొక్క వాలును, నీటియొక్క బరువును, గాలియొక్క తేలికదనమును కలిసి పనిచేసినవి.

తరువాత వచ్చిన మార్పులు మూడింటిని చెప్పి ముందుకు సాగెదను. 1930ల దశకమున సెర్జియస్ వెర్నె రూపొందించిన మైనపు థర్మోస్టాటులో, మైనము కరగి ఉబ్బుటచే తలుపు తెఱచుకొని వేడినీరు రేడియేటరునకు పోవును; అది మూసియున్నంతవఱకు దాని వెనుక గాలి బందీయై యుండును గనుక, అంచున నొక చిన్నరంధ్రము చేసి అందు కదలాడు పిన్నొకటి యుంచిరి. ఆ రంధ్రము పైకి వచ్చునట్లు బిగింపవలయును. తెలియనిచేతులు క్రిందికి పెట్టి బిగించినచో కొత్తథర్మోస్టాటే రోగకారణమగును. రెండవది, ఒత్తిడి నిలుపు మూత: లోపల వాతావరణమునకు పైగా మఱియొక వాతావరణపు ఒత్తిడి నిలిచినచో నీరు 120 డిగ్రీలవఱకు మరగదు. మూడవది, 1856లో షార్ల్ వుర్ట్సు అను రసాయనశాస్త్రవేత్త మొదట తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాలు కలిపిన కూలెంటు. మంచుదేశములలో నీరు గడ్డకట్టకుండుటకై వచ్చిన దీనికి మనదేశమున వేఱొక ప్రయోజనము కలిగినది: తుప్పును, పెంకును పట్టనీయని మందులు దానిలో కలిసియుండుటచేత ఉప్పుగాలి వీచు తీరములకది వరమైనది.

సముద్రముమీది కథ వేఱు. భావనపాడు మత్స్యకారులు తెప్పలమీదను, నావలమీదను తెడ్లతోను తెరచాపలతోను వేటకు పోయినకాలమున యంత్రముయొక్క వేడితో వారికి ప్రసక్తి లేదు. 1979లో మదరాసు కేంద్రముగా ఐక్యరాజ్యసమితి ఆహారవ్యవసాయ సంస్థవారు ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమము, రేవులులేని మన తూర్పుతీరమున అలలను చీల్చుకొని ఇసుకపైకే చేరగల ఇంజనుపడవలకై ప్రయోగములు సాగించెను. అచ్చట ఎదురైన చిక్కులలో నీటిది పెద్దది. ఇంజనును చల్లబఱచుటకు సముద్రపునీటినే పీల్చు పడవ, అలలలో ఎగిరిపడినపుడు పీల్చునోరు నీటిని వీడి గాలిని మ్రింగును. ఒడ్డు చేరినపుడు ఇసుకను మ్రింగును. గాలి మ్రింగిన రబ్బరుపంపు తడిలేక తిరిగి కొద్దికాలములోనే చిరిగిపోవును. అందుచేత ఒడ్డుపడవలకు నీటితో పనియేలేని, రెక్కలుకట్టిన సిలిండరుపై గాలి విసరికొని చల్లబడు చిన్నడీజిలు ఇంజనులే తగినవని తేలినది. ఫైబరుపడవల వెనుక పొడవైన కడ్డీతో నేడును మ్రోగుచుండు గ్రీవ్స్ లొంబార్డినీ యింజనులు ఆ జాతివే. ఈ ప్రాంతపు రోడ్లమీద తిరుగు మూడుచక్రముల బండ్లలోను గ్రీవ్స్ యింజనులుండుటచేత, ఒకే మేస్త్రి ఉదయము పడవను, సాయంకాలము ఆటోను బాగుచేయగలడు. ఆ యింజనులలోను ఎయిర్ తీయవలసిన పని పూర్తిగా తప్పలేదు. అది నీటిగొట్టమునుండి డీజిలుగొట్టమునకు మాఱినది. టాంకు అడుగంటి గాలి పీల్చిన ఇంజను ఎంత త్రిప్పినను రాజుకొనదు. ఫిల్టరుకడి నట్టును వదలుచేసి నురుగు పోయి స్వచ్ఛమైన ధార వచ్చువఱకు చేతిపంపు కొట్టవలయును.

పెద్దబోట్లు నిలుచుటకు చాలిన రేవులు లేక, శ్రీకాకుళతీరపు మత్స్యకారులు వేలకొలదిగా గుజరాతు వీరావల్ రేవునకు వలసపోయి అచ్చటి బోట్లపై కూలికి కుదురుకొనుట లోకవిదితమే. ఆ బోట్లలో మన రోడ్లమీది బస్సుల లేలాండు ఇంజనులనే సముద్రమునకు తగినట్లు మార్చి వాడుచుందురు. ఇంజనులో మంచినీరు తిరుగును; దాని వేడిని వేఱుగొట్టములలో పాఱు సముద్రపునీరు గైకొనిపోవును; రెండునీళ్లు ఎన్నడును కలియవు. అక్కడ ఎయిర్ రెండుచోట్ల పట్టవచ్చును. మంచినీటివైపు పట్టినచో మూతకడ తెలియును, ఉప్పునీటివైపు పట్టినచో పొగగొట్టముతో కలిసి బోటు ప్రక్కన పడవలసిన నీటిధార సన్నబడుటచే తెలియును. ఒడ్డునకు ఆమడదూరమున ఇంజను చల్లబడక నిలిచినచో గాలివాటునకు బోటు ఎటు కొట్టుకొనిపోవునో చెప్పలేము. ఆ పడమటిసముద్రమున సరిహద్దు సమీపమున నుండుటచేత అది ప్రాణాపాయముతోపాటు పరదేశపు చెఱసాలకును దారితీయవచ్చును. 2018 నవంబరులో ఈ ప్రాంతపు మత్స్యకారులు పాకిస్తానువారిచే బందీలైన వార్త తెలియని గ్రామము ఈ తీరమున లేదు. కావున ఆ ధారను కనిపెట్టియుండువాని కన్ను బోటునందలి యందఱికిని రక్ష.

ఇపుడు భావనపాడు పేరుతో మొదట తలపెట్టబడి, మూలపేట పేరుతో 2023 ఏప్రిలున శంకుస్థాపన జరిగిన రేవుకై రాళ్లు మోయు టిప్పరులు ఈ తీరమునకు వచ్చినవి. ఈ తరము బండ్లలో మూతతో మూయబడిన కూలెంటుసీసాయే గాలిని వేఱుచేయు స్థానము. ఇంజను వేడెక్కినచో కంప్యూటరే దాని సత్తువను తగ్గించివేయును. క్లీనరను ఉద్యోగమే చాల బండ్లలో అంతరించినది. అయినను గొట్టము మార్చినపుడును, పంపు విప్పినపుడును, రేడియేటరు అతికించినపుడును గాలి లోపలికి పోకమానదు. పెద్ద వర్కుషాపులలో లోనిగాలినంతయు యంత్రముతో లాగివేసి, గొట్టములు చప్పిడిబడిన పిదప కూలెంటును విడుతురు. శూన్యమైన త్రోవలోనికి అది తానే పీల్చబడి నిండును.

ఆ యంత్రము లేని రోడ్డుప్రక్క షెడ్డులలో పాతపద్ధతి పూర్ణరూపమున నిలిచియున్నది. చల్లారిన బండిని ముందుచక్రములు ఎత్తుగా నిలిపి, హీటరుమీటను వేడివైపు త్రిప్పుదురు. మన ఎండలలో ఎన్నడును వాడని ఆ హీటరుగొట్టములలోను గాలి దాగును గదా. శుద్ధజలముతో కలిపిన కూలెంటును సన్నధారగా పోయుచు, ఎత్తైనచోటనున్న చిన్నస్క్రూను వదలుచేసి, బుడగలు ఆగి తెగనిధార వచ్చినపుడు బిగింతురు. మూత తీసియుంచియే ఇంజనును మెల్లగా నడపుదురు; థర్మోస్టాటు తెఱచుకొని పైగొట్టము వెచ్చబడినంతనే మట్టము ఒక్కసారి దిగును, మరల పోయుదురు. ఇచ్చటనే మేస్త్రి తన నిజమైన పరీక్ష చేయును. చిక్కుకొన్న గాలి యైనచో కొంతసేపటికి బుడగలు తగ్గి ఆగిపోవును. ఎంతసేపైనను ఆగక, ఇంజను జోరు పెంచినకొలది పెరుగుచుండినచో, అది వెలుపలిగాలి గాదు. పోయిన గ్యాస్కెటుగుండ సిలిండరులోని మంట నీటిలోనికి ఊదుచున్నదన్నమాట. అప్పుడెన్ని స్క్రూలు వదలుచేసినను ఫలితముండదు, హెడ్డు దింపవలయును. ఈ రెండింటి భేదము తెలియనిచోట యజమానులు నెలలతరబడి నీరుపోయించుకొని తుదకు ఇంజనునే పోగొట్టుకొన్నారు.

బుడగలు ఆగినచో మూత బిగించి, బండిని నాలుగైదుమైళ్లు నడపి తెచ్చి, ఆ రాత్రి అట్లే ఉంచుమందురు. చల్లారునపుడు లోని ద్రవము సంకోచించి ప్రక్కసీసాలోనుండి తనకు తక్కువైనంత పీల్చుకొనును. సీసాలో తగ్గిన పరిమాణమే లోపల మిగిలియుండిన గాలియొక్క కొలత. తెల్లవాఱిన తరువాత సీసామీది గీత చూచి, తగ్గినంత నింపి, మఱునాడు కూడ తగ్గినచో మరల తీసికొనిరమ్మని చెప్పి పంపుదురు.